ఒంగోలు పశువుల ఫొటోలు డేటాబేస్‌లో ఎట్టా పెట్టుకోవాలి, స్క్రీన్ మీద ఎట్టా చూపించాలి

ఒంగోలు చుట్టుపక్కల, నాగులుప్పలపాడు, మద్దిపాడు, కొత్తపట్నం వైపు మంచి ఆవుల్ని, గిత్తల్ని మేపే ఇళ్ళలో ఫొటోలకేం కరువు లేదు, ప్రతి ఫోన్లో వందల్లో ఉంటయి. కొనేవాళ్ళు వచ్చి "దీని తల్లి ఫొటో ఉందా, నిరుడు ఈ కోడె ఎట్టా ఉండేది" అని అడిగినప్పుడే ఇబ్బంది మొదలయిద్ది. గ్యాలరీ పైకీ కిందకీ జరపటం, మధ్యలో పెళ్ళి ఫొటోలు, పండగ ఫొటోలు, చివరికి ఒక తెల్లావు దొరికినా అది ఇదేనా లేక దీని అక్కా అనేది తేలదు. ఫొటో ఉండటం ఒక్కటే చాలదు, అది ఏ పశువుది, ఏ రోజుది అనేది కూడా దాంతోపాటే ఉండాలి, అది లేకపోతే బేరం దగ్గర ఆ ఫొటోకి విలువ లేదు.

చాలామంది ముందు ఎక్సెల్ పట్టుకుంటారు. లెక్కలకి ఎక్సెల్ బాగానే ఉంటది గానీ ఫొటోలకి మాత్రం వద్దు, మామూలుగా పెట్టిన ఫొటో గడి మీద తేలుతా ఉంటది, ఒకసారి పేర్ల వరసలో సార్ట్ చేస్తే వరసలు కదులుతయి, ఫొటోలు వాటితోపాటు సరిగ్గా కదుల్తాయన్న నమ్మకం లేదు, ఒక ఆవు పక్కన ఇంకో ఆవు బొమ్మ వచ్చి కూర్చుంటది. దీనికి డేటాబేసే కావాలి, అంటే వివరాల్ని టేబుళ్ళుగా దాచుకుని వాటిని ఒకదానితో ఒకటి కలిపి చూపించే ప్రోగ్రాం. విండోస్ లాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఉంటే అది చాలు, లేదంటే లిబ్రెఆఫీస్ బేస్ ఉంది, అది పూర్తిగా ఉచితం. ఇక్కడ ఎక్కువగా యాక్సెస్ గురించే చెబుతా, బేస్ సంగతి తర్వాత విడిగా చెబుతా.

యాక్సెస్‌లో ఫొటో పెట్టటానికి మూడు దారులున్నయి, ఇందులో ఏది ఎంచుకుంటారనే దాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటది కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చూడండి.

మొదటిది ఓఎల్ఈ ఆబ్జెక్ట్ అనే ఫీల్డు (ఫీల్డు అంటే టేబుల్‌లో ఒక్కో వివరానికి ఇచ్చే గడి). పాత పుస్తకాల్లో, పాత కంప్యూటర్ కోర్సుల్లో ఇదే నేర్పేవాళ్ళు, అందుకే ఇప్పటికీ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దీన్నే పట్టుకుంటారు. ఫీల్డు మీద రైట్ క్లిక్ చేసి ఇన్సర్ట్ ఆబ్జెక్ట్ అంటే ఫొటో లోపలికి పోద్ది, పని అయిపోయినట్టే ఉంటది. కానీ మీ జేపెగ్ ఫొటో జేపెగ్‌గానే లోపలికి పోదు, దాన్ని విప్పి ముడి బిట్‌మ్యాప్‌గా, అంటే కుదించకుండా ఒక్కో పిక్సెల్ రంగూ విడిగా రాసే రకంగా పెట్టుకుంటది. 1600 బై 1200 పిక్సెళ్ళ ఫొటో జేపెగ్‌గా ఉన్నప్పుడు సుమారు 400 కేబీ ఉంటే, బిట్‌మ్యాప్ అయ్యేసరికి ఒక్కో పిక్సెల్‌కి 3 బైట్ల లెక్కన 57 లక్షల 60 వేల బైట్లు, అంటే దాదాపు 6 ఎంబీ అయిద్ది. అదే ఫోన్‌లో తీసిన 4000 బై 3000 ఫొటోని తగ్గించకుండా పెడితే ఒక్కోటి 36 ఎంబీ. యాక్సెస్ ఫైల్ ఎంత పెరిగినా 2 జీబీ దాటటానికి లేదు, అది ఆ ప్రోగ్రాం పెట్టిన హద్దు, మీ లాప్‌టాప్‌లో ఎంత ఖాళీ ఉన్నా లాభం లేదు. అంటే పెద్ద ఫొటోలు అయితే 60 కూడా పట్టవు! చిన్నగా చేసినవి అయినా 370 దగ్గర ఆగిపోద్ది. ఇన్సర్ట్ చేసేటప్పుడు లింక్ అనే టిక్ పెడితే సరిపోద్దని కొందరు అంటారు, అట్టా పెట్టినా చూపించటానికి ఒక బిట్‌మ్యాప్ ప్రతిని లోపల దాచుకుంటది కాబట్టి బరువు పెద్దగా తగ్గదు. పైగా ఒక కంప్యూటర్‌లో బొమ్మగా కనిపించింది ఇంకో కంప్యూటర్‌లో ఒట్టి ప్యాకేజీ అనే ఐకాన్‌గా కనపడొచ్చు, ఎందుకంటే జేపెగ్‌ని తెరిచే ప్రోగ్రాం అక్కడ వేరే ఉంటది. కొత్తగా చేసేవాళ్ళు ఈ దారిలోకి అసలు పోవద్దు.

రెండోది అటాచ్‌మెంట్ ఫీల్డు, యాక్సెస్ 2007తో వచ్చింది, కొత్తరకం ఏసీసీడీబీ ఫైళ్ళలోనే పనిచేసిద్ది, పాత ఎండీబీలో ఉండదు. ఇది చాలా నయం, జేపెగ్‌ని జేపెగ్‌గానే ఉంచుద్ది, ఒకే పశువుకి నాలుగైదు ఫొటోలు కూడా పెట్టుకోవచ్చు. పది పదిహేను పశువులున్న ఇల్లు అయితే, లాప్‌టాప్ ఒకటే అయితే, ఇదే పెట్టుకోండి, నిక్షేపంగా ఉంటది, ఒకే ఫైల్‌లో అన్నీ ఉంటయి. కానీ 2 జీబీ హద్దు దీనికీ ఉంది. 200 పశువుల మంద, ఏడాదికి ఒక్కోదానికి పది ఫొటోలు అనుకుంటే 2000 ఫొటోలు, ఒక్కోటి 400 కేబీ అయినా ఏడాదికి 800 ఎంబీ, మూడో ఏడు గడవకముందే ఫైల్ నిండిపోద్ది. ఇంకో చిక్కు ఏందంటే, ఆ ఫీల్డు లోపల ఉన్న ఫొటోల్లో ఏది ఎప్పుడు తీసిందో రాసుకునే చోటు ఉండదు, బాణం గుర్తులు నొక్కుకుంటా ఒకదాని తర్వాత ఒకటి చూడాల్సిందే, అపెండ్ క్వెరీతో (క్వెరీ అంటే టేబుళ్ళకి మనం ఇచ్చే ప్రశ్న లేదా ఆజ్ఞ) ఇంకో టేబుల్‌కి మార్చాలన్నా యాక్సెస్ ఒప్పుకోదు.

మూడోది, నేను గట్టిగా చెప్పేది: ఫొటోని డేటాబేస్‌లో పెట్టొద్దు, మామూలు ఫోల్డర్‌లోనే ఉంచండి, డేటాబేస్‌లో దాని ఫైల్ పేరు మాత్రం రాసుకోండి. ఫైల్ పేరుకి ముప్ఫై అక్షరాలు కూడా పట్టవు కాబట్టి లక్ష ఫొటోలైనా డేటాబేస్ బరువెక్కదు. రేపు యాక్సెస్ వదిలేసి వేరేదానికి పోయినా ఫొటోలు ఎక్కడివి అక్కడే, మామూలు ఫైళ్ళుగా ఉంటయి, ఎవరైనా తెరుచుకోవచ్చు. దీంట్లో ఉన్న ఒకే ఒక్క జాగ్రత్త, ఫోల్డర్‌లోకి పోయి ఫైళ్ళ పేర్లు చేత్తో మార్చకూడదు, మారిస్తే డేటాబేస్‌కి ఆ ఫొటో దొరకదు.

పేర్ల సంగతి ముందే తేల్చుకోండి. పశువుకి చెవి ట్యాగ్ ఉంది కదా, దాని మీద 12 అంకెల నంబర్ ఉంది కదా, అదే ఫైల్ పేరుగా పెడదాం అనిపిస్తది. వద్దు. ట్యాగులు ఊడిపోతా ఉంటయి, కంచెకి తగులుకుని తెగిపోతయి, మళ్ళీ వేయించినప్పుడు కొత్త నంబర్ వచ్చిద్ది. అప్పుడు అదే ఆవుకి రెండు పేర్లు అయినట్టు. మీ మందకి మీరే ఒక సొంత నంబర్ ఇచ్చుకోండి, 0001 నుంచి మొదలుపెట్టి, ఒకసారి ఇచ్చిన నంబర్ ఆ పశువు అమ్ముడుపోయినా చనిపోయినా ఇంకోదానికి ఇవ్వొద్దు. ఫైల్ పేరు ఇట్టా ఉండాలి: 0027-20250114-1. ముందు పశువు నంబర్, తర్వాత ఏడాది, నెల, తేదీ ఆ వరసలో, చివర ఆ రోజు తీసిన వాటిలో ఎన్నో ఫొటో. ఏడాది ముందు పెడితే ఫోల్డర్‌లో వాటంతటవే పాతవి ముందు కొత్తవి తర్వాత వరసగా పడతయి. ఫైల్ పేర్లలో, ఫోల్డర్ పేర్లలో తెలుగు అక్షరాలు వాడొద్దు, తెలుగు మీద ప్రేమ లేక కాదు, యాక్సెస్ లోపల ఉండే విజువల్ బేసిక్‌లో ఫైల్ ఉందో లేదో చూసే డిర్ అనే ఫంక్షన్ తెలుగు పేర్లని ప్రశ్నార్థకం గుర్తులుగా మార్చేసిద్ది. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ అయితే ఏ గొడవా లేదు. పశువు పేరు, గౌరి అనో లక్ష్మి అనో, టేబుల్ లోపల మాత్రం హాయిగా తెలుగులోనే రాసుకోండి.

ఇప్పుడు టేబుళ్ళు. రెండు కావాలి. మొదటిది పశువుల టేబుల్, ఒక పశువుకి ఒక వరస: సొంత నంబర్, పేరు, ట్యాగ్ నంబర్, ఆవా గిత్తా, పుట్టిన తేదీ, తల్లి నంబర్, తండ్రి నంబర్, ఇప్పుడు మందలో ఉందా అమ్మారా చనిపోయిందా అనే స్థితి, ముఖ్యమైన ఫొటో ఫైల్ పేరు. సొంత నంబర్‌ని ప్రైమరీ కీ (ఒక్కో వరసని విడిగా గుర్తుపట్టే ఫీల్డు) చేయండి, ముందు సున్నాలు ఉండాలి కాబట్టి దాన్ని షార్ట్ టెక్స్ట్‌గా పెట్టండి. ట్యాగ్ నంబర్‌ని కూడా షార్ట్ టెక్స్ట్‌గానే పెట్టండి, నంబర్ కదా అని నంబర్ రకం పెడితే యాక్సెస్‌లో మామూలుగా వచ్చే లాంగ్ ఇంటీజర్ 214 కోట్ల చిల్లర వరకే పట్టిద్ది, అంటే పది అంకెలు, పన్నెండు అంకెల ట్యాగ్ అందులో పట్టదు. అయినా ట్యాగ్ నంబర్‌తో కూడికలు తీసివేతలు చెయ్యబోం కదా.

రెండోది ఫొటోల టేబుల్, ఒక ఫొటోకి ఒక వరస: ఆటోనంబర్ (యాక్సెస్ తనంతట తనే ఇచ్చే నంబర్), పశువు నంబర్, ఫైల్ పేరు, తీసిన తేదీ, ఏ వైపు నుంచి తీసింది, ఏమైనా రాయాలనుకుంటే ఒక గడి. రిలేషన్‌షిప్స్ విండోలో పశువు నంబర్‌ని రెండు టేబుళ్ళ మధ్య కలిపి రిఫరెన్షియల్ ఇంటెగ్రిటీ టిక్ పెట్టండి, అప్పుడు లేని పశువుకి ఫొటో ఎక్కించటం కుదరదు. పక్కనే క్యాస్కేడ్ డిలీట్ అని ఇంకో టిక్ ఉంటది, అది పెట్టొద్దు. అమ్మేసిన ఆవు వరసని ఎవరైనా తీసేస్తే దానితోపాటు ఫొటోల వరసలన్నీ పోతయి, ఆ ఆవు కూతుళ్ళు ఇంకా మీ కొట్టంలోనే ఉంటయి మరి, వాటి తల్లి ఫొటో అక్కర్లేదా?

విడిగా ఫొటోల టేబుల్ ఎందుకంటే ఒంగోలు పశువుకి ఒక్క ఫొటో ఎప్పటికీ సరిపోదు. గిత్త వయసుకొచ్చేసరికి తల, మెడ, మూపురం మీద నలుపు తిరిగిద్ది, అదే గిత్త మూడేళ్ళ కిందటి ఫొటోలో తెల్లగా ఉంటే చూసేవాళ్ళు వేరే పశువు అనుకుంటారు. ఆవు ఈత ఈతకీ మారిద్ది. బండలాగుడు పోటీలకి పోయే ఎడ్లయితే పళ్ళని బట్టే విభాగం, పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని, అందుకని నోరు తెరిచి పళ్ళు కనిపించేట్టు తీసిన ఫొటో తేదీతో ఉంటే ఆ తేదీకి దాని వయసు ఎంతో చూపించటానికి అంతకంటే ఏం కావాలి.

తీసేటప్పుడు ప్రతిసారీ ఇవి తీయండి: ఎడమ పక్క నుంచి నిండుగా, కుడి పక్క నుంచి నిండుగా, ముఖం ఎదురుగా కొమ్ములు రెండూ వచ్చేట్టు, వెనక నుంచి. పక్క నుంచి తీసే ఫొటోకి కెమెరాని పశువు నడుము ఎత్తులో పట్టుకోండి, మనం నిలబడి పైనుంచి తీస్తే కాళ్ళు పొట్టిగా, మూపురం చిన్నగా కనపడతయి. గంగడోలు గొంతు దగ్గర నుంచి కింద దాకా మొత్తం ఫ్రేములో ఉండాలి. సుళ్ళు చూసి కొనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి నుదుటి మీద, వీపు మీద సుళ్ళు దగ్గరగా ఒక్కో ఫొటో. చివరిగా ముట్టె, శుభ్రంగా తుడిచి దగ్గరగా తీయండి, ముట్టె మీద ఉండే గీతలు మన వేలిముద్రల్లాగా ఒకదానికి ఉన్నట్టు ఇంకోదానికి ఉండవు, ట్యాగ్ ఊడిపోయిన పశువుని గుర్తుపట్టటానికి అది అక్కరకొచ్చిద్ది. పొద్దున ఎండ ఎక్కకముందు తీస్తే మంచిది, మిట్టమధ్యాహ్నం తెల్ల పశువు ఫొటోలో తెల్లగా వెలిగిపోయి కండ ఏమీ కనపడదు.

ఫోన్ నుంచి లాప్‌టాప్‌కి తెచ్చేటప్పుడు కేబుల్‌తో తెచ్చుకోండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపుకుంటే అది కుదించి పంపిద్ది, లోపల ఉండే తీసిన తేదీ వివరం కూడా పోద్ది. వాట్సాప్ తప్ప వేరే దారి లేకపోతే డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నది ఉన్నట్టు వచ్చిద్ది. ఐఫోన్ వాడేవాళ్ళు సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్ దగ్గర మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకోండి, లేకపోతే ఫొటోలు హెచ్ఈఐసీ అనే రకంలో వస్తయి, వాటిని యాక్సెస్ చూపించదు.

తర్వాత సైజు తగ్గించాలి. స్క్రీన్ మీద చూడటానికి, ఏ4 కాగితం మీద ప్రింట్ తీయటానికి పెద్ద వైపు 1600 పిక్సెళ్ళు ఉంటే చాలు. ఒక్కో ఫొటోనీ తెరిచి తగ్గించక్కర్లేదు, ఇర్ఫాన్‌వ్యూ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, దాంట్లో బి అనే అక్షరం నొక్కితే బ్యాచ్ కన్వర్షన్ తెరుచుకుంటది, ఫోల్డర్ మొత్తాన్ని ఒక్కసారే తగ్గించి, పేర్లు కూడా మార్చి, ఇంకో ఫోల్డర్‌లో పడేసిద్ది. మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లో ఇమేజ్ రీసైజర్ కూడా ఉంది, ఫైళ్ళు ఎంచుకుని రైట్ క్లిక్ చేస్తే చాలు. అసలు ఫొటోల్ని తీసెయ్యకండి, వాటిని విడిగా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో దాచండి. ఇంకోటి, ఫోన్‌ని నిలువుగా పట్టుకుని తీసిన ఫొటో ఫోన్‌లో నిలువుగానే కనిపించినా యాక్సెస్‌లో పక్కకి పడుకున్నట్టు కనపడొచ్చు. ఫోన్ ఫొటోని తిప్పకుండా "దీన్ని తిప్పి చూపించు" అని లోపల ఒక గుర్తు మాత్రం రాసిద్ది, ఆ గుర్తుని ప్రతి ప్రోగ్రామూ చదవదు. సైజు తగ్గించిన ఫైల్‌ని ఒకసారి తెరిచి చూసి, తేడా ఉంటే తిప్పి సేవ్ చేయండి.

ఫారం దగ్గరికి వద్దాం, అంటే టేబుల్‌లో ఉన్నది స్క్రీన్ మీద చూపించే పేజీ. డేటాబేస్ ఫైల్ ఒక ఫోల్డర్‌లో పెట్టండి, అదే ఫోల్డర్ లోపల ఫొటోస్ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకో ఫోల్డర్. పశువుల టేబుల్ మీద ఒక ఫారం చేసుకుని డిజైన్ వ్యూలోకి పోయి ఇమేజ్ కంట్రోల్ (బొమ్మ చూపించే గడి) తీసుకుని గీయండి. అది వెంటనే ఏదో ఒక బొమ్మ అడిగిద్ది, ఏదో ఒకటి ఇచ్చి తర్వాత ప్రాపర్టీ షీట్‌లో పిక్చర్ అనే గడి ఖాళీ చేయండి. కింద కంట్రోల్ సోర్స్ అనే గడి ఉంటది, పనంతా అక్కడే. అందులో ఇట్టా టైప్ చేయాలి: ఈక్వల్ గుర్తు, స్క్వేర్ బ్రాకెట్లలో కరెంట్‌ప్రాజెక్ట్ అని ఒకే మాటగా, చుక్క, మళ్ళీ స్క్వేర్ బ్రాకెట్లలో పాత్, యాంపర్సాండ్, డబుల్ కోట్స్ మధ్యలో బ్యాక్‌స్లాష్ ఫొటోస్ బ్యాక్‌స్లాష్, మళ్ళీ యాంపర్సాండ్, స్క్వేర్ బ్రాకెట్లలో మీ ఫైల్ పేరు ఫీల్డు. దానర్థం, ఈ డేటాబేస్ ఇప్పుడు ఏ ఫోల్డర్‌లో ఉందో చూసుకో, దాని లోపల ఫొటోస్‌లోకి పో, ఈ పేరున్న ఫైల్ తెచ్చి చూపించు అని. సి డ్రైవ్‌తో మొదలయ్యే పూర్తి దారి రాస్తే లాప్‌టాప్ మారిన రోజు ఒక్క ఫొటో కూడా రాదు, ఇట్టా రాస్తే ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఎక్కడికి తీసుకెళ్ళినా వచ్చిద్ది. మీరు ఫైల్ పేరుతో పాటు చివర చుక్క జేపీజీ కూడా టేబుల్‌లో రాయాలి, అది మర్చిపోతే ఖాళీ గడే కనపడిద్ది.

పక్కనే సైజ్ మోడ్ అని ఇంకో ప్రాపర్టీ. క్లిప్ పెడితే ఫొటోలో ఒక ముక్కే కనపడిద్ది, స్ట్రెచ్ పెడితే గడికి సరిపోయేట్టు సాగదీసిద్ది, పొడుగాటి గిత్త కాస్తా పొట్టి లావు గిత్త అయిద్ది, పశువు ఒడ్డూ పొడుగూ చూసి బేరమాడే చోట అది అసలు పనికిరాదు. జూమ్ పెట్టండి, ఉన్న ఆకారం ఉన్నట్టే ఉంచి గడిలో పట్టించిద్ది. 2007 కంటే పాత యాక్సెస్‌లో ఇమేజ్ కంట్రోల్‌కి కంట్రోల్ సోర్స్ ఉండదు, అక్కడ ఫారం కరెంట్ ఈవెంట్‌లో (ఒక వరస నుంచి ఇంకో వరసకి పోయినప్పుడల్లా నడిచేది) కోడ్ రాసి పిక్చర్ ప్రాపర్టీని మార్చాలి.

ఆ ఫారం కిందే ఫొటోల టేబుల్ మీద కంటిన్యువస్ ఫారంగా ఒక సబ్‌ఫారం (ఫారం లోపల ఇంకో ఫారం) పెట్టండి, ఒక్కో వరసలో చిన్న ఫొటో, పక్కన తేదీ, ఏ వైపు అనేది, కొత్తవి పైకి వచ్చేట్టు తేదీ మీద డిసెండింగ్ సార్ట్. పైన పశువు మారితే కింద దాని ఫొటోలన్నీ మారతయి, దూడ నాటి నుంచి ఇప్పటిదాకా ఒకే చోట చూడొచ్చు. ఫొటోలు ఎక్కువై జరిపేటప్పుడు ఆగి ఆగి వస్తా ఉంటే, అదే పేర్లతో 300 పిక్సెళ్ళ చిన్న ప్రతులు ఇంకో ఫోల్డర్‌లో చేసి సబ్‌ఫారంలో ఆ ఫోల్డర్ పేరు రాయండి, వెంటనే తేడా తెలుస్తది.

ఫైల్ పేర్లు చేత్తో టైప్ చేస్తే తప్పులు పడతయి కాబట్టి ఫొటో ఎక్కించు అని ఒక బటన్ పెట్టుకోవటం మంచిది. దాని వెనక కోడ్ చేయాల్సిన పనులు ఇవే: అప్లికేషన్ చుక్క ఫైల్‌డైలాగ్‌కి 3 ఇస్తే ఫైల్ ఎంచుకునే పెట్టె తెరుచుకుంటది, ఎంచుకున్నాక పశువు నంబర్, తేదీ, వరస నంబర్ కలిపి కొత్త పేరు తయారు చేయాలి, ఆ పేరుతో ఇప్పటికే ఫైల్ ఉందేమో డిర్‌తో చూసి ఉంటే వరస నంబర్ ఒకటి పెంచాలి, ఫైల్‌కాపీతో ఫొటోస్ ఫోల్డర్‌లోకి కాపీ చేయాలి, చివరిగా ఫొటోల టేబుల్‌లో ఒక వరస చేర్చాలి. కాపీ అయ్యాకే వరస చేర్చండి, ముందు చేరిస్తే కాపీ మధ్యలో ఆగిపోయినప్పుడు లేని ఫొటోకి వరస మిగిలిపోద్ది. ఫైల్ తెరవగానే పైన పసుపు పట్టీ మీద ఎనేబుల్ కంటెంట్ అని అడిగితే అది నొక్కకుండా ఈ బటన్ పనిచెయ్యదు, ఆ ఫోల్డర్‌ని ట్రస్ట్ సెంటర్‌లో ట్రస్టెడ్ లొకేషన్‌గా చేర్చుకుంటే మళ్ళీ అడగదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, దూడ పక్కన తల్లి ఫొటో, తండ్రి ఫొటో. మూడూ ఒకే స్క్రీన్ మీద ఉంటే మాటలు చెప్పక్కర్లేదు, మూపురం ఎవరిదొచ్చింది, కొమ్ము ఎవరిదొచ్చింది అని చూసేవాళ్ళే చెబుతారు. దీనికి ఒక క్వెరీ కావాలి. క్వెరీ డిజైన్‌లో పశువుల టేబుల్‌ని మూడుసార్లు తెచ్చుకోండి, యాక్సెస్ రెండోదానికీ మూడోదానికీ పక్కన ఒక అంకె చేర్చిద్ది, వాటి ప్రాపర్టీల్లో ఏలియాస్ దగ్గర తల్లి, తండ్రి అని పేర్లు మార్చుకోండి. మొదటి టేబుల్‌లో ఉన్న తల్లి నంబర్ నుంచి తల్లి టేబుల్ సొంత నంబర్‌కి గీత లాగండి, తండ్రిదీ అట్టాగే. ఆ గీత మీద డబుల్ క్లిక్ చేసి మొదటి టేబుల్‌లో ఉన్నవన్నీ రావాలి అనే రెండో ఆప్షన్ పెట్టండి, రెండు గీతలకీ. మామూలుగా వదిలేస్తే తల్లీ తండ్రీ ఇద్దరూ మీ టేబుల్‌లో ఉన్న పశువులే కనపడతయి, సంతలో కొనుక్కొచ్చిన వాటికి తల్లి ఎవరో తెలియదు కదా, అవన్నీ జాబితాలోంచి మాయమైపోతయి. తర్వాత మూడు ముఖ్య ఫొటో ఫీల్డుల్నీ మూడు వేరు పేర్లతో కిందకి తెచ్చుకుని, ఫారంలో మూడు ఇమేజ్ కంట్రోళ్ళు పెట్టి ఒక్కోదానికి ఒక్కో ఫీల్డు ఇవ్వండి. పశువుల టేబుల్‌లో ముఖ్యమైన ఫొటో అని ఒక గడి ముందే పెట్టుకోమంది ఇందుకే, అది లేకపోతే ప్రతిసారీ ఫొటోల టేబుల్లోంచి ఒకటి ఏరుకోవాల్సి వచ్చి క్వెరీ పెద్ద తలనొప్పి అయిద్ది. బయటి ఆబోతు సెమెన్ వేయించినదయితే ఆ ఆబోతుని కూడా టేబుల్‌లో ఒక వరసగా చేర్చి, స్థితి దగ్గర బయటిది అని రాసి, దొరికితే దాని ఫొటో పెట్టండి. మన పశువులు సముద్రం దాటి బ్రెజిల్ పోయి అక్కడ నెలోర్ అని మన నెల్లూరు పేరుతోనే పెద్ద జాతి అయినయి, అక్కడ ఆబోతుల తల్లీ తండ్రీ రికార్డులు రాసి పెట్టుకుంటారు. పుట్టిన చోట మనం కూడా కనీసం మూడు తరాల ఫొటోలు దగ్గర పెట్టుకోవటం న్యాయం.

లిబ్రెఆఫీస్ బేస్ వాడేవాళ్ళకి: టేబుళ్ళ పద్ధతి అంతా ఇదే. ఫారంలో ఇమేజ్ కంట్రోల్ గీసి ప్రాపర్టీల్లో డేటా ట్యాబ్‌లో ఏ ఫీల్డో చెప్పాలి. అక్కడ ఒక మంచి సంగతి ఉంది, మీరు బైనరీ రకం ఫీల్డు ఇస్తే ఫొటో లోపల దాచుకుంటది, మామూలు టెక్స్ట్ ఫీల్డు ఇస్తే దారి మాత్రమే రాసుకుని ఫొటోని ఫోల్డర్ నుంచి చూపించిద్ది. టెక్స్ట్ ఫీల్డే ఇవ్వండి. బొమ్మ గడి మీద డబుల్ క్లిక్ చేస్తే ఫైల్ ఎంచుకోమని అడిగిద్ది, కోడ్ రాయక్కర్లేదు. స్కేల్ అనే ప్రాపర్టీలో కీప్ రేషియో పెట్టండి. బేస్‌లో ఓడీబీ ఫైల్ అనేది నిజానికి ఒక జిప్ ఫైల్, అందుకని పని అయ్యాక సేవ్ చేసి సరిగ్గా మూసేయాలి, కరెంటు పోయే వేళల్లో తెరిచి ఉంచొద్దు, ఫొటోలు లోపల దాచితే ఆ జిప్ బరువెక్కి ప్రమాదం ఇంకా పెరిగిద్ది.

అమ్మేటప్పుడు ఇవ్వటానికి యాక్సెస్‌లో ఒక రిపోర్ట్ చేసుకోండి, పేజీకి ఒక పశువు, పైన పెద్ద ఫొటో, కింద తల్లీ తండ్రీ ఫొటోలు, వివరాలు, ఫొటో తీసిన తేదీ తప్పకుండా. ఇమేజ్ కంట్రోల్ రిపోర్ట్‌లో కూడా ఫారంలో లాగే పనిచేసిద్ది, కంట్రోల్ సోర్స్ అదే మాట. పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి వాట్సాప్‌లో పంపొచ్చు. తగ్గించని ఫొటోలు పెడితే పీడీఎఫ్ మరీ పెద్దదై అవతలివాళ్ళ ఫోన్లో తెరుచుకోవటానికే చాలాసేపు పట్టిద్ది.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడేట్టయితే డేటాబేస్ టూల్స్‌లో యాక్సెస్ డేటాబేస్ అనే బటన్ నొక్కితే స్ప్లిట్ డేటాబేస్ అని వచ్చిద్ది, అది నొక్కితే టేబుళ్ళు ఒక ఫైల్‌లో, ఫారాలు ఇంకో ఫైల్‌లో విడిపోతయి. ఫారాల ఫైల్ ఒక్కో లాప్‌టాప్‌లో ఒక్కోటి ఉంటది కాబట్టి ఇందాక రాసిన కరెంట్‌ప్రాజెక్ట్ పాత్ పనికిరాదు, అప్పుడు సెట్టింగ్స్ అని ఒకే వరస ఉన్న చిన్న టేబుల్ పెట్టి నెట్‌వర్క్‌లో ఫొటోల ఫోల్డర్ దారి అందులో రాసి అక్కడి నుంచి తీసుకోండి. డేటాబేస్ ఫైల్‌ని వన్‌డ్రైవ్ లాంటి వాటిలో పెట్టి ఇద్దరూ తెరవటం మాత్రం వద్దు, పాడయిద్ది. ఫొటోల ఫోల్డర్‌ని అందులో పెట్టుకోవచ్చు, డేటాబేస్‌ని మూసేశాక కాపీ పెట్టుకోండి. వరసలు తీసేసినా ఫైల్ సైజు దానంతటదే తగ్గదు, కాంపాక్ట్ అండ్ రిపేర్ నొక్కితేనే తగ్గిద్ది, అది నొక్కేముందు ఒక కాపీ తీసుకోండి. బ్యాకప్ అంటే డేటాబేస్ ఒక్కటే కాదు, ఫొటోస్ ఫోల్డర్ కూడా కలిపి.

ఆఖరిగా రెండు తనిఖీలు పెట్టుకోండి. ఫొటోల టేబుల్‌లో ప్రతి వరసా చదువుతా డిర్‌తో ఫైల్ ఉందో లేదో చూసి లేనివి జాబితా ఇచ్చే చిన్న కోడ్ ఒకటి. క్వెరీ విజర్డ్‌లో ఫైండ్ అన్‌మ్యాచ్డ్‌తో ఈ ఏడాది ఒక్క ఫొటో కూడా పడని పశువుల జాబితా ఇంకోటి. దానికి ముందు ఫొటోల టేబుల్‌లో ఈ ఏడాది తేదీలున్న వరసల మీద ఒక క్వెరీ చేసుకుని, విజర్డ్‌లో రెండో టేబుల్‌గా ఆ క్వెరీని ఇవ్వాలి, స్థితి మందలో ఉంది అన్నవాటికే పెట్టండి. ఆ జాబితా ప్రింట్ తీసి కొట్టంలో తగిలిస్తే, ఈసారి ఎవరు ఫోన్ పట్టుకుని పోయినా ఏ పశువు దగ్గర ఆగాలో వాళ్ళకే తెలుస్తది.